అధ్యయనం ఉండగా బస్సెందుకు?

నిరుడు మార్చి పదమూడో తేదీ, గురువారం. మామిడికాయ పప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, చింతచిగురు వేసిన పచ్చిరొయ్యలు, పండుగప్ప వేపుడు, చివర్లో గడ్డపెరుగు. తిన్నవాళ్ళందరం చేతులు కడుక్కునేసరికి మా ఊరికి బస్సు అక్కర్లేదని శాస్త్రీయంగా తేలిపోయింది!

చాలామంది దీన్ని అన్యాయం అంటారు. నేను అనను. బాగా ఆలోచించే చెబుతున్నాను. ఊరికి బస్సు లేకపోవడం ఒక వరం. బస్సు ఉండాలా వద్దా అని పెద్ద చదువులు చదివినవాళ్ళు వచ్చి అధ్యయనం చేయడం అంతకన్నా పెద్ద వరం. మొదటి వరం చాలా ఊళ్ళకి ఉంది. రెండోది అందరికీ దొరికేది కాదు! మా బొండులంకకి రెండుసార్లు దొరికింది. మూడోది దారిలో ఉంది.

మా ఊరు ఎక్కడంటారా? మొగల్తూరు నుంచి సముద్రం వైపు ఒక రోడ్డు కాలవ గట్టు పట్టుకుని వచ్చి, వచ్చి, ఇక రాలేక ఆగిపోతుంది. ఆ ఆగిపోయిన చోటే మేముంటాం. ఒక పక్క వరి చేలు, ఇంకో పక్క రొయ్యల చెరువులు, వెనకాల ఉప్పుటేరు. పొద్దున్నే నరసాపురం వెళ్ళే బస్సు ఒకటి ఉండేది. సాయంత్రం అదే తిరిగొచ్చేది. మా ప్రజా రవాణా మొత్తం అంతే.

అది కాస్తా పోయాక మాకు ఒనగూరిన లాభాలు వినండి.

మొదటిది ఆరోగ్యం. మెయిన్ రోడ్డు దాకా నడక. అక్కడ షేర్ ఆటో కనిపిస్తే పరుగు. ఎక్కాక ఒంటి కాలి మీద నిలబడి, ఒంటి చేత్తో కమ్మీ పట్టుకుని వేలాడటం. పట్నంలో ఇదే పని జిమ్ముకెళ్ళి, నెలనెలా ఫీజు కట్టి, అద్దంలో చూసుకుంటూ చేస్తారు. మా ఊరి సుగర్ పేషెంట్లు సగానికి తగ్గారు. మిగతా సగం ఆస్పత్రికి వెళ్ళలేక, తమకు సుగరుందో లేదో తెలియక హాయిగా ఉన్నారు.

రెండోది దేశ సమైక్యత. షేర్ ఆటోలో ఎవరి మోకాలు ఎవరిదో తెలియదు. డ్రైవరుకి అటు సగం మనిషి, ఇటు సగం మనిషి. ఆ స్థితిలో నీ కులమేంటి, నీ పార్టీ ఏంటి అని అడిగే ఊపిరి ఎవరికుంటుంది? ఎన్ని సభలు పెడితే వస్తుందండీ ఈ ఐక్యత!

పర్యావరణం సంగతి చెప్పనే అక్కర్లేదు. రాని బస్సు పొగ వదలదు. హారన్ కొట్టదు. ఎవరి మీదా బురద చిమ్మదు. కరెంటు బస్సులు కరెంటు బస్సులు అని లోకమంతా కలవరిస్తోంది గాని, ఎంత కరెంటు బస్సయినా మా బస్సంత శుభ్రంగా ఉండగలదా?

ఇక వైరాగ్యం. బస్సు ఉన్నంతకాలం మనిషికి ఆశ ఉంటుంది. లేటయితే చికాకు. వెళ్ళిపోతే దుఃఖం. బస్సే లేకపోతే? ఆశా లేదు, చికాకూ లేదు, దుఃఖమూ లేదు. ఈ స్థితి కోసం కొందరు కొండలెక్కి కళ్ళు మూసుకుని కూర్చుంటారట. మాకు సిమెంటు బల్ల ఉన్న బస్సు షెల్టరు చాలు.

ఆ షెల్టరు అంటే నాకు సొంతంగా కూడా ఇష్టం. నరసాపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసినన్నాళ్ళూ ఆ బల్ల మీద నుంచే లేచి బస్సెక్కేవాణ్ణి. రిటైరయ్యాక ఎక్కే పని పోయింది. తర్వాత మా ఆవిడ సంపూర్ణమ్మ కూడా పోయింది. అప్పట్నుంచీ ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి కూర్చుంటున్నాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరు "కాఫీ అయ్యిందాండీ?" అని అడిగేవారు. పొద్దుట లేచిన దగ్గర్నుంచి మనిషి గొంతు వినడం అదే మొదటిసారి. జవాబు కోసం ఎవరూ ఆగేవారు కాదు, బస్సొచ్చేసేది. అయినా అది చిన్న దయ కాదు.

సరే, అధ్యయనం సంగతికి వద్దాం.

దాని పేరు వింటేనే కడుపు నిండుతుంది. 'శరవేగంగా ఎదుగుతున్న ప్రాంతానికి సమగ్ర ప్రజా రవాణా ప్రణాళిక'! దానికో పెద్ద మ్యాపు. కాకినాడ నుంచి భీమవరం దాకా రంగురంగుల గీతలు. ఎర్ర గీత రాజమండ్రి చుట్టూ తిరిగే ఏసీ బస్సులు. నీలం గీత గోదావరి మీద పడవ బస్సులు. పచ్చ గీత ఎప్పటికో వచ్చే రైలు. ఉప్పాడ దగ్గర ఒక గీత నేరుగా సముద్రంలోకి దిగిపోయింది. గీసిన రోజున అక్కడ రోడ్డు ఉండేదట. రంగు ఆరేలోపు సముద్రం వచ్చి తినేసింది.

"మా ఊరెక్కడండీ ఇందులో?" అని అడిగాను.

అధ్యయనానికి మా ఊరొచ్చిన బృందానికి పెద్ద సురేంద్ర గారు. బట్టతల, కళ్ళజోడు, ఎవర్నీ నొప్పించలేని ముఖం. పాపం వేలితో చాలాసేపు వెతికారు. మొగల్తూరు దొరికింది. దాని కింద, ఏ రంగు గీతకి ఏమిటి అర్థమో రాసిన డబ్బా ఒకటి ఉంది.

"ఈ డబ్బా కింద ఉంటుందండి మీ ఊరు," అన్నారాయన.

చూశారా! మ్యాపులో ఉన్న గీతలన్నింటికీ అర్థం చెప్పే చోటు మా ఊరే!

ఇక ఆ గురువారం. బస్సు రాకముందే సురేంద్ర గారి కారు వచ్చింది. వెంట ఇద్దరు సహాయకులు. పని చాలా తేలిక. షెల్టరు దగ్గర నిలబడి పొద్దుటి బస్సు ఎంతమంది ఎక్కుతారో చేతిలో మీట నొక్కి లెక్కపెట్టాలి. తర్వాత ఊళ్ళోకి వచ్చి మనుషుల్ని నాలుగు ప్రశ్నలు అడగాలి. షెల్టరు నిండా జనం ఉన్నారు. కాలేజీ పిల్లలు, కోర్టు పనిమీద వెళ్ళేవాళ్ళు, ఆస్పత్రికి వెళ్ళే ముసలమ్మలు, చేపల గంపతో వీరవేణి.

అంతా సవ్యంగానే జరిగిపోయేది. కానీ అదే సమయానికి జీవరాజు గారు చెరువు మీద నుంచి మోటారు సైకిల్ మీద వస్తున్నారు. రొయ్యల రైతు. పెద్ద చెయ్యి, అంతకన్నా పెద్ద గొంతు.

"ఎవరండీ తమరు?"

"బస్సు సర్వేకి వచ్చామండి."

"టిఫినయ్యిందా?"

"పనయ్యాక చూసుకుంటామండి."

"పనయ్యాకా!" జీవరాజు గారు బండి స్టాండేశారు. "మా ఊరొచ్చి ఖాళీ కడుపుతో రోడ్డు మీద నిలబడతారా? రేపు మొగల్తూరులో నేను తలెత్తుకు తిరగక్కర్లేదా? ఎక్కండి, ఎక్కండి!"

"కాదండీ, లెక్క..."

"లెక్కెక్కడికి పోద్దండీ! జనం ఇక్కడే ఉంటారు. ఎక్కడికెళ్తారు వీళ్ళు?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఇంటికి చుట్టాలొచ్చాక బొండులంకలో ఎవరూ ఉన్నచోట ఉండరు. అది మా తరతరాల అలవాటు. చుట్టం ఒకరింటికొస్తే పని పదిళ్ళకి పడుతుంది. షెల్టర్లో ఉన్నవాళ్ళలో ఒకాయన కొబ్బరి బోండాలు దింపడానికి చెట్టెక్కాడు. ఇంకొకాయన అరిటాకులకి వెళ్ళాడు. కోర్టు వాయిదా ఉన్నాయన కుర్చీలు మోసుకొచ్చాడు. కాలేజీ పిల్లలు మంచినీళ్ళ క్యాన్లకి, ముసలమ్మలు పనసపొట్టు కొట్టడానికి. గురువారం నాడు జీవరాజు గారింట్లో నీసు వండరు. అయితే మాత్రం చుట్టాలకి తక్కువ చేస్తామా? పక్కింటి పొయ్యి వెలిగించారు. ఆ పొయ్యి దగ్గరికి వీరవేణి గంప వెళ్ళింది.

వీరవేణి గంప అంటే ఉట్టి గంప కాదు. మొగుడు సత్తియ్య రాత్రంతా ఉప్పుటేట్లో వల వేసి పట్టిన చేపని తెల్లవారేసరికి గంపకెత్తుకుని, బస్సు మీద నరసాపురం వెళ్ళి, వీధుల్లో తిరిగి అమ్ముతుంది. "వీరవేణి ఇంకా రాలేదు" అని పొయ్యి ముట్టించకుండా కూర్చునే ఇళ్ళున్నాయి అక్కడ. ధర తనే చెబుతుంది. బేరమాడితే నవ్వుతుంది. తగ్గించాలో వద్దో తనే తేలుస్తుంది. ఎవరి కిందా పని చేయలేదని కాస్త గర్వం కూడా ఉంది, ఉండదగినదే. ఆ రోజు గంపలో మంచి పండుగప్ప పడింది.

"ఊరి పరువు కదండీ," అని గంప దించేసింది. బస్సెక్కలేదు.

బస్సు టయానికి వచ్చింది. కండక్టర్ రాజరత్నం తలుపు తీసి చూస్తే షెల్టర్లో నేనొక్కణ్ణే ఉన్నాను.

"ఏంటండీ, ఊళ్ళో ఎవరైనా పోయారా?" అన్నాడు కంగారుగా.

"కాదయ్యా, చుట్టాలొచ్చారు."

"ఓహో," అని ఖాళీ బస్సుతో వెళ్ళిపోయాడు.

జీవరాజు గారి అరుగు మీద నుంచి ఇదంతా స్పష్టంగా కనబడుతుంది. సురేంద్ర గారు నిజాయితీపరులు. పని ఎగ్గొట్టే రకం కాదు. ఎడమ చేత్తో కాగితం మీద సున్న చుట్టారు. కుడి చెయ్యి పెసరట్టు ఉప్మాలో ఉంది.

నాలుగు ప్రశ్నలూ మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగారు.

"రవాణాపరంగా మీ ఊళ్ళో ఇబ్బందులేంటండీ?"

ఇప్పుడు మీరే చెప్పండి! విస్తరి ముందు కూర్చున్న మనిషికి మన కష్టాలు చెప్పుకుంటామా? చెబితే ఆయనకి ముద్ద దిగుతుందా? అంత మర్యాద తెలియనివాళ్ళమా మేము?

"అబ్బే, ఇబ్బందులేం లేవండి," అన్నారు జీవరాజు గారు. "తమరు పప్పులో నెయ్యేసుకోలేదు."

"ఉన్న బస్సు చాలుతోందా?"

"ఎక్కువేనండి! పనసపొట్టు అసలు ముట్టుకోలేదేంటండీ మీరు?"

పెరటి గుమ్మం దగ్గర వీరవేణి నిలబడి ఉంది. పొద్దుటి బస్సు ఇంకాస్త ముందొస్తే చేప తాజాగా చేరుతుందని, సాయంత్రం బస్సు చీకటిపడితే గాని రావడం లేదని చెబుదామని ఒకడుగు ముందుకేసింది. జీవరాజు గారి భార్య బేబి గారు కళ్ళతోనే ఆపేశారు.

"తినేవాళ్ళ దగ్గర ఏడుపేంటే? పెరుగు పట్రా."

సురేంద్ర గారు చూశారు. మంచి మనిషి కదా, తనే అడిగారు. "నీకేమైనా ఇబ్బందుందామ్మా?"

వీరవేణి ఆయన విస్తరి వైపు చూసింది. బేబి గారి వైపు చూసింది.

"బానే ఉందండి. చేప బాగుందాండి?"

"చాలా బాగుందమ్మా."

"ఆయ్. ఇంకో ముక్కేసుకోండి."

ఎక్కినవారు, ఎవరూ లేరు. ఇబ్బందులు, ఏమీ లేవు. అంతా కళ్ళారా చూసి, చెవులారా విని రాసిందే. అందులో ఒక్క ముక్క అబద్ధం ఉందా? సైన్సుని మనం ఏమనగలం?

బడులు తెరిచే రోజుల్లో ఒక సాయంత్రం రాజరత్నం బస్సు దిగి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. టోపీ లేని తలని టోపీ సర్దుకున్నట్టు సర్దుకున్నాడు.

"రేపట్నుంచి రానండీ. రూటు తీసేశారు. ఎక్కేవాళ్ళు లేరని రిపోర్టొచ్చిందంట."

లేచి బస్సు వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"ఆవేళ వచ్చిన చుట్టాలెవరండీ?"

అలా మాకు మొదటి వరం ప్రాప్తించింది.

ఈ వరాన్ని సరిగ్గా అనుభవించడం చేతకానిది ఊళ్ళో వీరవేణి ఒక్కతే. మొదటిరోజే గంపెత్తుకుని మెయిన్ రోడ్డు మీద బుల్లబ్బాయి ఆటో దగ్గరికి వెళ్ళింది.

"పిన్నీ, నువ్వెక్కు. గంప మాత్రం ఎక్కకూడదు," అన్నాడు బుల్లబ్బాయి.

"గంప లేకుండా నరసాపురం ఎందుకెళ్తాన్రా, సినిమాకా?"

"నేనేం చెయ్యను పిన్నీ! వాసనని మిగతావాళ్ళు దిగిపోతున్నారు. కాలేజీ అమ్మాయిలు సెంటు కొట్టుకుని ఎక్కుతున్నారు."

"సెంటు వాసనకి నాకు తలనొప్పొత్తుంది. వాళ్ళని దింపు!"

బుల్లబ్బాయి నవ్వాడు. ఆటో కదిలిపోయింది. అతని తప్పు కూడా ఏం లేదు. నలుగురు దిగిపోతే ఆయిల్ ఖర్చయినా రాదు.

అప్పట్నుంచీ గంప నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచేది. అక్కడ ఏ లారీవాడో, పాలవ్యాను వాడో జాలిపడితే ఎక్కేది. ఐసు కరిగి మెడ మీదుగా కారేది. ఎండలో ఒంటికి చల్లగా ఉంటుందని చుట్టుపక్కలవాళ్ళు అనేవారు. చూశారా, ఎవరి వరం వారికి దగ్గర్లోనే ఉంటుంది! కాకపోతే ఆమె నరసాపురం చేరేసరికి అక్కడి ఇళ్ళలో కూరలైపోయేవి. "నీకోసం చూసి చూసి కోడిగుడ్లు పులుసు పెట్టేశాం వీరవేణీ" అనేవారు. మిగిలిన చేపని సాయంత్రం అయినకాడికి ఇచ్చేసి వచ్చేది.

ఇక్కడొక చిన్న సందేహం. మా ఊరికి రోజూ తెల్లారకుండానే ఒక వ్యాను వస్తుంది. రొయ్యలు వలిచే షెడ్డు వాళ్ళది. ఆడవాళ్ళని ఎక్కించుకుని వెళ్ళి, తలలు తీయించి, పెంకులు వలిపించి, పొద్దుగూకాక దింపుతుంది. ఏ ప్రణాళికా లేదు. మ్యాపు లేదు. రంగు గీత లేదు. మా ఊరు డబ్బా కింద ఉందని దానికి తెలియదు. వర్షమొచ్చినా, గాలొచ్చినా ఠంచనుగా వస్తుంది! అధ్యయనం చేయకుండా బండి నడిపితే ఇలాగే ఉంటుంది మరి. బొత్తిగా శాస్త్రీయత లేకుండా, టైముకి వచ్చేస్తుంది.

ఆ వ్యాను మేస్త్రి వీరవేణిని రెండుమూడుసార్లు పిలిచాడు. "ఇంకా గంపేంటమ్మా, వచ్చెయ్యి" అని.

"నా చేప నేనమ్ముకుంటానయ్యా. ఒకరి చెయ్యి కింద రొయ్య తలలు తీయడానికి నాకేం ఖర్మ?" అంది వీరవేణి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కాళ్ళకి చెప్పులు లేవు. కిందటి రోజు బురదలో తెగిపోయాయి.

అప్పుడు ఊరు కదిలింది. మర్యాద మా ప్రాణమే గానీ, మరీ ప్రాణమ్మీదికి వస్తే కదలమా? అర్జీలు పెట్టాం. తిరిగాం. చివరికి దయతలిచారు. బస్సు వెయ్యడానికి కాదండోయ్, మళ్ళీ అధ్యయనం చెయ్యడానికి! ఈ ఫిబ్రవరిలో వస్తామన్నారు. ఒక్క పొద్దుటిపూట లెక్కపెడతారు. ఆ లెక్కే ఆఖరు.

ఆ రోజుకి ముందు సాయంత్రం పంచాయతీ ఆఫీసులో ఊరంతా కూర్చున్నాం. తీర్మానం ఒక్కటే. వచ్చినవాళ్ళకి ఎవరూ ఏమీ పెట్టకూడదు. టిఫిను లేదు, భోజనం లేదు, కాఫీ లేదు.

"మంచినీళ్ళు?" అన్నారు జీవరాజు గారు నీరసంగా.

"మంచినీళ్ళతోనే మొదలవుద్దండి," అంది వీరవేణి వెనక వరసలోంచి. "తర్వాత ఉట్టి మంచినీళ్ళేంటని బెల్లం ముక్క తెస్తారు. తర్వాత తమరి బండొత్తాది."

జనం నవ్వారు. జీవరాజు గారు నవ్వలేదు. చుట్టానికి పెట్టకూడదని తీర్మానం చేసిన మొదటి ఊరు గోదావరి జిల్లాల్లో మాదే అయ్యుంటుందని, తన తాతగారు పైనుంచి చూస్తుంటారని బాధపడ్డారు. ఆ పొద్దున ఇంట్లోంచి బయటికి రానని మాటిచ్చారు. వస్తే తనని తాను నమ్మలేరట. బేబి గారు బయట గడియ పెడతానన్నారు.

మర్నాడు సురేంద్ర గారు దిగేసరికి ఊరు ఊరంతా షెల్టరు దగ్గర వరసలో ఉంది. సంచులతో, గొడుగులతో, ఇస్త్రీ బట్టలతో. బస్సు లేని చోట బస్సు కోసం నిలబడ్డ జనాన్ని చూసి సహాయకులిద్దరూ బిత్తరపోయారు. ఎవరూ పలకరించలేదు. ఎవరూ "ఎప్పుడొచ్చారండీ" అనలేదు. అంత కఠినంగా బతకడం మాకు అలవాటు లేదు. కొందరు నేలచూపులు చూస్తున్నారు. ఒక ముసలమ్మ అటు తిరిగి కళ్ళొత్తుకుంది.

సురేంద్ర గారు కళ్ళజోడు తుడుచుకుని నా దగ్గరికి వచ్చారు.

"అందరూ బాగున్నారా మాష్టారూ? ఏంటి, ఎవరూ మాట్లాడ్డం లేదు. మా మీద కోపమా?"

"అబ్బే..."

"మీ ఊరొస్తున్నామని దారిలో ఎక్కడా ఆగలేదండి. మావాళ్ళు పాలకొల్లులో ఇడ్లీ తిందామన్నారు. నేనే వద్దన్నాను. అంత మర్యాద చేసేవాళ్ళు, వాళ్ళ మనసు కష్టపెడతామా అని చెప్పాను."

వరస మొత్తం ఒక్కసారి ఊగింది! నా చేతులు నాకే తెలియకుండా జేబులో ఇంటి తాళంచెవి వెతుకుతున్నాయి. అటుపక్కనుంచి ఎవరో తలుపు లోపలినుంచి గుద్దుతున్న చప్పుడు. జీవరాజు గారే! వరసలోంచి ఒకాయన "పోనీ రెండు అరటిపళ్ళు..." అని ముందుకు కదిలాడు. అతని వెనక ఇంకొకాయన. ఇంకో క్షణం ఆగితే షెల్టరు ఖాళీ అయిపోయేదే.

"కదలకండి!"

వీరవేణి గంప కింద పెట్టి వచ్చి సురేంద్ర గారి ముందు నిలబడింది.

"ముందు లెక్కెట్టుకోండి బాబూ. ఒక్కొక్కళ్ళనీ చూసి రాసుకోండి. అయ్యాక మా ఇంట్లోనే తిందురుగాని. పొయ్యి మీద పెట్టేవచ్చాను."

ఆయన ఆమెకేసి చూశారు. ఏమర్థమైందో ఏమో, మారు మాట్లాడకుండా మీట అందుకుని నొక్కడం మొదలుపెట్టారు. వరస చివరిదాకా వెళ్ళి, నన్ను కూడా నొక్కి, వెనక్కి వచ్చారు.

వీరవేణి ఇంటి పంచలో చాప మీద కూర్చున్నారు. వేడన్నం, గొరక చేపల పులుసు. ఆయన మొదటి ముద్ద కలుపుతుండగా వీరవేణి గోడకానుకుని మొదలుపెట్టింది. రెండో ముద్ద దగ్గర ఆటో. మూడో ముద్ద దగ్గర ఐసు. తినేవాళ్ళ ముందు కష్టాలు చెప్పడం మా ఊళ్ళో అదే మొదలు. గుమ్మంలో నిలబడ్డ బేబి గారు చెవులు మూసుకున్నారు. వీరవేణి ఆపలేదు. చెబుతూనే పులుసు వేసింది. వేస్తూనే చెప్పింది.

"బస్సు లేకపోతే నా గంప అటకెక్కిపోద్దండి. ఇంకెంతో కాలం లాగలేను. ఇది రాసుకోండి."

సురేంద్ర గారు చెయ్యి కడుక్కోకుండానే ఎడమ చేత్తో ఫారం తీసి చూశారు.

"తప్పకుండా రాస్తానమ్మా. కాకపోతే మా ఫార్మాట్‌లో బస్సెక్కినవాళ్ళకే గడి ఉంది. ఎక్కాలని నిలబడ్డవాళ్ళకి లేదు. ఏదో ఒక గడిలో పెడతాను. నాకొదిలెయ్యి."

ఆయన మాట తప్పే మనిషి కాదని ముందే చెప్పాను కదా. పెట్టారు. బస్సెక్కనివారు ప్రయాణికులు కారు. రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు, కాళ్ళున్నాయి, కాబట్టి పాదచారులు! బొండులంక షెల్టరు దగ్గర పాదచారుల రద్దీ చాలా ఎక్కువగా ఉందని, తగిన భద్రత కల్పించాలని రిపోర్టు వెళ్ళింది. నెల తిరక్కుండా పనివాళ్ళు వచ్చారు. షెల్టరు ముందు రోడ్డు మీద అడ్డంగా తెల్లటి గీతలు గీశారు. పక్కన ఎర్రటి దీపం పెట్టారు. అది మిణుకు మిణుకుమంటుంది.

ఎంత బాగుందో వచ్చి చూడండి! ఇప్పుడు మా ఊళ్ళో రోడ్డు దాటడానికి ఏ భయమూ లేదు. ఇంతకుముందూ లేదనుకోండి, ఆ షెడ్డు వ్యాను తప్ప వచ్చే బండేదీ లేదు కాబట్టి. అయినా ప్రభుత్వ గీతల మీద నడవడంలో ఉన్న ధీమా వేరు. జీవరాజు గారి గేదెలు కూడా అక్కడే దాటుతున్నాయి. అవతలి పక్క ఏముందంటారా? కాలవ. దాటినవాళ్ళం కాసేపు కాలవ చూసి, మళ్ళీ దాటి వచ్చేస్తాం. ఇది కాదా ప్రజా రవాణా? ప్రజలు అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ చేరడం లేదా?

మరి బస్సు? దాని గురించి కూడా రిపోర్టులో ఒక వాక్యం ఉంది. బస్సు నడవని మార్గంలో ఇంతమంది ఎందుకు నిలబడుతున్నారో అంతుపట్టడం లేదట. దీనిపై మరింత లోతైన అధ్యయనం అవసరమట.

మొన్న సురేంద్ర గారు స్వయంగా ఫోన్ చేశారు. మూడో అధ్యయనం మంజూరైంది! ఈసారి ఏకంగా డ్రోన్లతో చూస్తారట. ఈ శుభవార్త అందరికన్నా ముందు వీరవేణికే చెప్పాలనిపించింది. దీపాలు పెట్టే వేళకి వాళ్ళింటికి వెళ్ళాను.

గుమ్మంలో కూర్చుని స్టీలు క్యారేజీ సర్దుకుంటోంది. దండెం మీద నీలం ఏప్రాన్, జుట్టుకి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ ఆరుతున్నాయి. సత్తియ్య పట్టిన చేపని ఇప్పుడు గట్టు మీదకే వచ్చి ఏజెంటు తూచుకుపోతున్నాడు. ధర ఏజెంటే చెబుతాడు.

"మూడో సర్వే వస్తోందమ్మా! చాలా లోతుగా చూస్తారట."

"మంచిదేనండి. ఎప్పుడొత్తారు?"

"దసరాల్లోపు అంటున్నారు."

క్యారేజీ మూత బిగించింది.

"ఆ టయానికి నేను షెడ్డులో ఉంటానండి. నన్ను తీసేసి లెక్కెట్టుకోమని చెప్పండి. మళ్ళీ లెక్క తప్పొచ్చిందంటారు."

చూశారా! అధ్యయనం ఇంకా మొదలే కాలేదు, బస్సు కావాలనే మనిషి అప్పుడే ఒకరు తగ్గారు. ఇలాంటివి ఇంకో నాలుగు జరిగితే బొండులంకలో బస్సడిగేవాళ్ళే ఉండరు. అప్పుడిక ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. ప్రణాళిక అంటే అదండీ!

ఈ మాట ఆమెతో అనలేకపోయాను. "నీ లోటు తెలుస్తుందమ్మా షెల్టర్లో" అని మాత్రం అన్నాను.

"పడుకోవాలండి బాబాయి గారూ. వ్యాను తెల్లారకుండానే వచ్చేత్తాది."

మనిషి ఇంకా వాకిట్లో ఉండగా మొహం మీద తలుపెయ్యడం మా వైపు ఎవరూ చెయ్యరు. సెల్‌ఫోను దీపం పట్టుకుని, నేను మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది. నేను మలుపు చాటున ఆగి చూస్తున్నాను, వెళ్ళిపోయాననుకుంది. అప్పుడు దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసుకుంది.